కాలువకు నీళ్లెందుకు, చరిత్ర ఉండగా!

మా మనవడు పైడిరాజు బ్యాగులో నేను ఆవకాయ సీసా కుక్కి, జిప్పు పడక రెండు చేతులా నొక్కుతుంటే నాకొక సంగతి తట్టింది. కష్టకాలంలో నాయకుడికి కావాల్సింది నిధులు కాదు, ఇంజినీర్లు అసలే కాదు. చరిత్ర!

నవ్వకండి. మా ఊరు కాలువకు చిట్టచివర ఉంది. రెండేళ్లుగా నీళ్లు ఇక్కడిదాకా రావడం లేదు. ఈసారి ఆకుమడి కూడా ఎండిపోయింది. పోయిన వారం నాయకుడొచ్చాడు. పాతకాలం మనిషైతే కాలువ గట్టెక్కి, బురదలో చెప్పు పోగొట్టుకొని, బట్టలు పాడుచేసుకొని వెళ్లేవాడు. ఈయన చదువుకున్నవాడు. షామియానా కింద మైకు పట్టుకున్నాడు.

"మన పూర్వీకులు కళింగపట్నంలో ఓడలెక్కి బర్మాలోని రంగం వెళ్లారు! సముద్రాలు దాటారు! వలస మన రక్తంలోనే ఉంది!"

ఎంత చవకలో తేలిపోయిందో చూశారా! కాలువ బాగుచేయాలంటే టెండరు, సిమెంటు, పొక్లెయినూ కావాలి. చరిత్రకు మైకు చాలు.

ఇదే పద్ధతి అన్నిటికీ పనికొస్తుంది. బస్సు రావడం లేదా? పూర్వీకులు నడిచారు. ఆస్పత్రిలో డాక్టరు లేడా? పూర్వీకులకు ఆస్పత్రే లేదు. అయినా వాళ్లలో ఒక్కరైనా ఈరోజు ఫిర్యాదు చేస్తున్నారా?

బొబ్బిలి యుద్ధం సంగతి చూడండి. కోట వదలనివాళ్లు ప్రాణాలు వదిలారు. ఆ పాఠం మా నాయకుడు ఎంత శ్రద్ధగా నేర్చుకున్నాడంటే, ఓట్లు లెక్కపెట్టిన మర్నాడే విశాఖపట్నం చేరుకున్నాడు. క్షేమంగా ఉన్నాడు.

మా పక్కింటి లక్ష్మణమ్మకు మాత్రం చరిత్రంటే గౌరవం లేదు. సభ మధ్యలో లేచి నిలబడింది.

"బాబూ, ఓడెక్కినోల్ల సంగతి బాగానే సెప్పినావు. తిరిగొచ్చి దిగినోల్లెంతమందో, అదీ సెప్పు!"

"టైమ్ లేదమ్మా," అని ఆయన కారెక్కాడు.

పాపం, అన్నీ ఆయనే చెప్పాలంటే ఎలా?

మేము మాత్రం ఆయన చెప్పినంత చరిత్రను పాటిస్తున్నాం. పైడిరాజు చెన్నైలో మేడలు కట్టే పనికి బయల్దేరుతున్నాడు. అతని భార్య గౌరి నేను సర్దిన బ్యాగు మళ్లీ తెరిచి, నీలం చొక్కా తీసి దండెం మీద వేసింది.

"ఒసే, అదిటియ్యి! నాకున్న మంచి సొక్కా అదొక్కటే."

"వచ్చి ఏసుకుందువుగాని."

"సెన్నై ఏటి, సందమామ మీదున్నాదేటే? పంటకాలానికి వచ్చెస్తాను. ఏటి మామ్మా, నువ్వయినా సెప్పు దీనికి!"

నేనేం చెప్పగలను? నాయకుడి దగ్గర టైమ్ లేక మిగిలిపోయిన చరిత్ర ఏదో చిన్నది నా దగ్గరుంది. వాడి ముందు నోరు రాలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మా నాన్న గంగులు 1940లో కళింగపట్నంలో రంగం ఓడెక్కాడు. జపాను యుద్ధం రంగం దాకా వచ్చాక, 1942లో, అడవుల గుండా నడిచి మన దేశానికి బయల్దేరినవాళ్లలో ఉన్నాడని తోటివాళ్లు చెప్పారు. ఇంటికి రాలేదు.

నా కొడుకు త్రినాథ్, ఈ పైడిరాజు తండ్రి, 2011లో చెన్నైకి మేడలు కట్టే పనికే వెళ్లాడు. 2012 ఏప్రిల్‌లో వాడు కడుతున్న మేడ కూలింది. వాడూ రాలేదు.