చావవలసిన కణాలూ, చావకూడని కణాలూ

ఆఫీసులో ఆయుధపూజ అయిన మర్నాడు ప్రియదర్శిని టిఫిన్ కూడా తినకుండా మైక్రోస్కోపు ముందు కూర్చుంది. నార్సింగి దగ్గరి మందుల పరిశోధనశాల అది. వైరస్ సోకిన కణం పక్కవాటికి అంటించకుండా తనను తానే చంపుకోవాలి. కొన్ని మొండికేస్తాయి. వాటిని తన మందు దారికి తెస్తుందని ఆమె ఈరోజే నిరూపించాలి. లేకపోతే ప్రాజెక్టు మూసేస్తానని డైరెక్టర్ యజ్ఞనారాయణ గారు చెప్పేశారు. మూడేళ్ల చాకిరీని అలా మూయనిచ్చే మనిషి కాదు ఆమె.

చచ్చిన కణాలను ఎర్రగా వెలిగించే రంగు వేసి చూసింది. కణాలు పెంచిన గాజు డిష్‌లలో మందు వేసినది ఎర్రగా వెలిగింది. ఎగిరి గంతేయబోయి, పోల్చి చూడడానికి మందు వేయని డిష్ పెట్టింది. అదీ ఎర్రగానే వెలిగింది.

"ఇవెందుకు సచ్చినయ్ రవీ? వీటికి మందే ఇయ్యలే!"

తోటి పరిశోధకుడు రవికిరణ్‌ది కాకినాడ. మంచివాడే గానీ కంగారెక్కువ. "కణాలు పెంచే పెట్టెలో ఏదో చేరిందండీ, అన్నీ పోయాయండీ!" అంటూ ఆఫీసు గ్రూపులో 'కణాలన్నీ మృతి, కారణం తెలియదు' అని పెట్టేశాడు. సెక్యూరిటీ వాళ్లు సైరన్ మోగించారు. కింది అంతస్తు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఏమైందని కూడా అడక్కుండా లాప్‌టాప్‌లు సర్దుకుని సంతోషంగా ఇంటిదారి పట్టారు. ఖాజాగూడ దాకా ట్రాఫిక్ ఆగిపోయింది. వార్త గేటు దాటేసరికి వైరస్ తప్పించుకుందనే పుకారుగా మారింది.

పార్కింగ్‌లో యజ్ఞనారాయణ గారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. "డిష్‌లన్నీ బ్లీచింగ్‌లో పారేయండి. ఈ ప్రాజెక్టు ఇక్కడితో సరి."

"జర ఆగుండ్రి సార్. కారణం సూడకుండ ఎట్ల పారేస్తం?"

రవికిరణ్ వద్దంటున్నా ప్రియదర్శిని మెట్లెక్కింది. భయం వేసింది, అయినా ఎక్కింది. మందు వేయని డిష్‌ను కిటికీ వెలుగులో ఎత్తి చూస్తే అడుగున ఎర్రటి మరక. స్పిరిట్ దూదితో తుడిచి మళ్లీ మైక్రోస్కోపు కింద పెట్టింది. ఎరుపు మాయం, కణాలన్నీ నిక్షేపంగా బతికే ఉన్నాయి. మందు వేసినదాన్నీ తుడిచి చూసింది. అక్కడ మాత్రం కణాలు నిజంగానే చచ్చి వెలుగుతున్నాయి. ఆ ఆనందానికి ఆమె కళ్లు చెమర్చాయి.

దూది పట్టుకుని కిందికి పరుగెత్తింది. "సార్, మందు పనిచేసింది! ఇది కుంకుమ. ఎవరో డిష్‌ల అడుగున బొట్లు వెట్టిన్రు. అవే మెరిసినయ్."

యజ్ఞనారాయణ గారి రుమాలు జారిపోయింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "నేనేనమ్మా. నిన్న పూజలో మీ ప్రాజెక్టు గట్టెక్కాలని దణ్ణం పెట్టుకుని, ఒక్కోదానికీ పెట్టాను. పైన పెడితే మీకు అడ్డమని అడుగున పెట్టాను."

ఆమెకు నవ్వొచ్చింది, జాలి కూడా వేసింది. కానీ ప్రాజెక్టు అంతకంటే ముఖ్యం. "హెడ్డాఫీసుకు రిపోర్టు పంపాలె సార్. ఎవరు వెట్టిన్రని రాయమంటరు?"

"ముందు మీ ప్రాజెక్టు పొడిగింపు కాగితం ఇలా తెండి, సంతకం పెట్టేస్తాను."

అక్కడే, కారు బానెట్ మీద పెట్టి సంతకం చేశారు. ఆమె రిపోర్టులో 'ఎవరో పెట్టారు' అని మాత్రమే రాసింది. కుంకుమ ఎవరి పనో తేల్చడానికి సాయంత్రానికల్లా హెడ్డాఫీసు ఒక విచారణ కమిటీ వేసింది. అధ్యక్షులు యజ్ఞనారాయణ గారు.