చెవులమ్మ మారిన వైనం

ఒక పెద్ద అడవిలో అన్నీ ఉన్నాయి గానీ జైలు ఒక్కటే తక్కువైంది. సముద్రాల అవతలి సీమ చూసొచ్చిన సింహం దొర ఆ లోటూ తీర్చాడు. కొండగుహను గదులుగా తొలిపించి, గదికొక ఖైదీని, ఖైదీకొక పుణ్యగ్రంథాన్ని పెట్టించాడు. ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. చదవాలి, ఏడవాలి, మారాలి.

ఖైదీల్ని మార్చే గురువుగా బాతుగారు వచ్చారు. పాపం, మంచివారే. ఆ మంచితనంతోనే వచ్చింది చిక్కంతా. గ్రంథం అప్పజెప్పి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే చాలు, మారినట్టే లెక్క, విడుదలే.

జంబుకయ్య అనే నక్క దొంగతనాల్లో పండిపోయినవాడు. గ్రంథమంతా నోటికి పట్టేశాడు. ‘దొంగిలించరాదు’ అన్నచోట వెక్కివెక్కి ఏడ్చాడు.

“చూశారా, రాయి కరిగింది!” అన్నారు బాతుగారు, జైలరు ఎలుగుబంటితో.

“వీడు కరగడం మొదటిసారి కాదండీ. కరిగి వెళ్తాడు, గట్టిపడి తిరిగొస్తాడు,” అన్నాడు జైలరు. బాతుగారు వినిపించుకోలేదు.

పక్కగదిలో చెవులమ్మ అనే కుందేలు ఉంది. దొరగారి తోటలో పచ్చిక మేసిందని పట్టుకొచ్చారు. కళ్ళు తెరిచీ తెరవని ఆమె పిల్లలు బొరియలో ఉన్నారు. వాళ్ళకోసమే ఆమె బెంగంతా.

“పశ్చాత్తాపం కలిగిందా అమ్మా?” అన్నారు బాతుగారు.

“ఆకలేసి మేశాను స్వామీ. పిల్లలకు పాలు పడాలి కదా. మళ్ళీ ఆకలేస్తే మళ్ళీ మేస్తాను.”

“అమ్మమ్మమ్మ! ఇంత కరకు గుండె నేనెక్కడా చూడలేదు,” అని ఇంకో అధ్యాయం చదవమన్నారు. నాకైతే ఆయన మెడ పట్టుకుని ఊపాలనిపిస్తుంది. నిజం చెప్పినవాళ్ళకేనా ఈ అదనపు చదువు?

జంబుకయ్య విడుదలయ్యాడు. బాతుగారు ముచ్చటపడి భోజనానికి పిలిచారు. వాడు కాళ్ళు కడుక్కుని, కళ్ళు మూసుకుని, భోజన ప్రార్థన పొల్లుపోకుండా చదివి, బాతుగారిని తినేశాడు.

దొర ముందు విచారణ జరిగింది.

“ప్రార్థన చదివాకే తిన్నాడా?”

“చిత్తం దొరా, ఆసాంతం చదివాకే,” అన్నాడు జైలరు.

“మరింకేం, మన చదువు వంటబట్టినట్టేగా! గురువు ఉద్యోగం ఎలాగూ ఖాళీ అయింది. గ్రంథమంతా వచ్చినవాడు వీడు తప్ప ఇంకెవడున్నాడు?”

కొత్త గురువు జంబుకయ్య నేరుగా చెవులమ్మ గదికే వచ్చాడు.

“నిన్ను వదిలేస్తాను తల్లీ. నీ బొరియ ఎక్కడ? నేనే వచ్చి నీ పిల్లలకు నాలుగు మంచిమాటలు చదివి వినిపిస్తాను,” అంటూ మూతి తుడుచుకున్నాడు.

ఆ మూతి తుడుచుకోవడం ఎందుకో చెవులమ్మకు అర్థమైంది. పుట్టి బుద్ధెరిగాక ఆమె అబద్ధమాడి ఎరగదు. గ్రంథాన్ని కళ్ళకద్దుకుని బావురుమంది.

“నేను మహాపాపిని స్వామీ! తూర్పు గట్టున చింతచెట్టు కింద పెద్ద బొరియ మాదే. పిల్లలు బొద్దుగా ఉంటారు. మీ నోటి చలవతో వాళ్ళయినా బాగుపడాలి.”

“మారింది! ఈమెను వదిలెయ్యండి!” అని కేకేసి, గ్రంథం చంకన పెట్టుకుని జంబుకయ్య తూర్పుకు పరుగెత్తాడు. ఆ బొరియలో కొండచిలువ కాపురముంటుందని జైలరుకూ తెలుసు. తెలిసే ఊరుకున్నాడు.

చెవులమ్మ పడమటి గట్టు చేరి, పిల్లల్ని పొదువుకుని పాలిచ్చింది. ఆ జైలు చరిత్రలో నిజంగా మారిన ఖైదీ ఆమె ఒక్కతే.

నీతి: జైలుకెళ్తే మంచిబుద్ధులు వస్తాయో రావో గానీ, బయటికి రావడానికి కావలసిన బుద్ధులు మాత్రం తప్పకుండా వస్తాయి.