నాలుగు సున్నాల తాళం

ఆ ఆదివారం పొద్దున తీరిగ్గా కాఫీ తాగి, తాళాల కంపెనీకి ఇంకో మెయిలు పెట్టి, మళ్లీ ముసుగుతన్ని పడుకోవాలనుకుంది కోడలు. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. అపార్ట్‌మెంటు తలుపులన్నిటికీ బిగించిన, ఎవరి తలుపు వాళ్ల ఫోనుతోనే తెరుచుకోవాల్సిన తాళాల్లో పెద్ద కన్నమే కనిపెట్టింది. ఎవరి ఫోనులోనైనా సరే, ఏ ఫ్లాటు నంబరైనా కొట్టి, రహస్య సంఖ్య దగ్గర నాలుగు సున్నాలు పెడితే చాలు, తలుపు బార్లా తెరుచుకుంటుంది. నెలరోజులుగా మొత్తుకుంటున్నా కంపెనీ ఉలకదు, పలకదు.

"అందరికీ చెప్పెయ్యొచ్చు కదమ్మా?" అంది అత్తగారు.

"దొంగలకీ తెలిసిపోతుంది అత్తయ్యా. ముందు వాళ్లు సరిచెయ్యాలి, ఆ తర్వాతే బయటపెట్టాలి. అది మా పద్ధతి."

"ఆ దొంగలకి ఇప్పటికే తెలిసుంటే? తెలియనిది మనవాళ్లకేగా. తెలిస్తే కనీసం లోపల గడియైనా పెట్టుకుంటారు."

"మీరు మాత్రం ఎవరికీ చెప్పకండి" అని కోడలు స్నానానికి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి కొంప మునిగింది.

"నేనెవరికీ చెప్పలేదమ్మా. మన అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టానంతే" అంది అత్తగారు.

ఇంకేముంది, నిజమో కాదో తేల్చుకోవడానికి ఒక్కొక్కరూ పక్కింటి తలుపు మీద పడ్డారు. పళ్ల డాక్టరు చిరుగుల బనీనుతో దొరికిపోయాడు. ఊళ్లో లేనని అందరినీ నమ్మించిన వకీలు సోఫాలో కాళ్లు చాపుకుని టీవీ చూస్తూ పట్టుబడ్డాడు. మొహం నిండా గడ్డం సబ్బుతో అపార్ట్‌మెంటు సెక్రటరీ వీళ్లింటికి వచ్చిపడ్డాడు.

"ఇలాంటివి వీధికెక్కిస్తారా? కేసు పెడతా! అసలిదంతా ఒట్టి పుకారు. రండి, నిరూపిస్తా!"

అందరినీ వెంటేసుకుని కిందికి దిగి, తన ఫోనులో సంగీతం టీచరుగారి ఫ్లాటు నంబరు కొట్టి, నాలుగు సున్నాలు పెట్టాడు. ఒంటరిగా ఉండే ఆ పెద్దావిడ ఊరెళ్లిందని అతని ధీమా.

తలుపు తెరుచుకుంది. లోపల్నుంచి సన్నటి మూలుగు.

స్నానాలగదిలో జారిపడి, తుంటి విరిగి, తెల్లవారినప్పటి నుంచీ ఆవిడ పిలుస్తూనే ఉంది. సెక్రటరీ అంబులెన్సుకి ఫోను చేశాడు. కోడలు ఆవిడ తల ఒళ్లో పెట్టుకుని, అంబులెన్సు వచ్చేదాకా కదల్లేదు.

"నువ్వు కనిపెట్టబట్టే బతికానమ్మా. నీ మేలు మర్చిపోను" అంది టీచరుగారు, ఆసుపత్రి మంచం మీద.

"కనిపెట్టి దాచింది నేనండీ. చెప్పింది మా అత్తయ్య." కోడలు అత్తగారి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇంకెప్పుడూ మిమ్మల్ని చెప్పొద్దనను అత్తయ్యా."

"అంత పెద్ద మాటివ్వకమ్మా" అంది అత్తగారు.

అపార్ట్‌మెంటంతా ఫోన్లు చేసి కడిగేయడంతో, నెలరోజులు కదలని కంపెనీ మధ్యాహ్నానికల్లా కన్నం పూడ్చేసింది. టీచరుగారి ఫోను మాత్రం తాళం పడిన ఇంట్లోనే ఉండిపోయింది. ఆవిడ కళ్లజోడు తేవడానికి వెళ్లిన సెక్రటరీ సాయంత్రం దాకా ఆ తలుపు బయటే నిలబడ్డాడు.