ఎంక్వైరీ గుమాస్తా మంచం

ఆ ఉదయం ఎంక్వైరీ గుమాస్తా వేసుకున్న పథకం చిన్నదే. గది ఊడ్చి, మంచం మీద కొత్త దుప్పటి పరిచి, గాలి ఆడేలా తలుపు బార్లా తెరిచి, అత్తగారి కోసం ఎదురుచూడడం. పెళ్లయి నెలలు గడిచినా భార్య ఇంకా పుట్టింట్లోనే ఉంది. "ఇల్లు నా కళ్లతో చూశాకే పిల్లని పంపేది" అని అత్తగారు భీష్మించుకుని కూర్చున్నారు.

చూడడానికి అదేమంత ఇల్లు కాదు. నగరం నడిబొడ్డున, ఫర్నిచర్ షాపు పై అంతస్తులో ఒకే ఒక్క గది. షాపు యజమానే ఇంటి ఓనరు. కింద అమ్ముడుపోని మంచం, బీరువా, బల్ల, కుర్చీలు పైకెక్కించి, దానికి ఫర్నిష్డ్ స్టూడియో అని పేరు పెట్టి అద్దెకిచ్చాడు.

గుమాస్తాకి ఒక జబ్బుంది. బస్ స్టేషన్‌లో ఏళ్ల తరబడి ఎంక్వైరీ కౌంటర్లో కూర్చోవడం వల్ల, ఎవరేమడిగినా అతని నోరు దానంతటదే జవాబు చెప్పేస్తుంది. 'పక్క కౌంటర్లో అడగండి' అని ఒక్కరినీ పంపలేదని గర్వం కూడాను.

గొడుగు చంకలో పెట్టుకున్న ఒక పెద్దమనిషి మెట్లెక్కి, తెరిచిన తలుపులోంచి నేరుగా లోపలికొచ్చి మంచం నొక్కి చూశాడు.

"గట్టిదేనా?"

"గట్టిదేనండి. నేను రోజూ దీనిమీదే పడుకుంటాను."

"కిర్రుమంటుందా?"

"ఎడమవైపు కొంచెం."

పెద్దమనిషి పొంగిపోయాడు. "నిజం చెప్పే సేల్స్‌మన్ ఇంకా ఉన్నాడన్నమాట! మా మేనకోడలు కాపురానికి వెళ్తోందయ్యా. ఆ అల్లుడేమో ఇంట్లో అన్నీ ఉన్నాయని కోతలు కోస్తున్నాడట, అక్క నమ్మడం లేదు. ఈ బీరువా తలుపు సరిగ్గా పడుతుందా?"

"కాస్త ఎత్తి నెట్టాలండి" అంటూ గుమాస్తా చేసి మరీ చూపించాడు. తను సేల్స్‌మన్ కాదని చెప్పాలనిపించింది గానీ, ఆ సంగతి ఆయన అడగలేదు.

పెద్దమనిషి కిందికి దిగిన కాసేపటికి ఓనరు కూలీలను వెంటబెట్టుకుని పైకొచ్చి మంచం ఎత్తించబోయాడు.

"అయ్యా, ఇవి నా ఇంట్లో సామాన్లు!"

"ఇల్లూ నాదే, సామాన్లూ నావే. ఇన్నాళ్లకి ఒక బేరం తగిలింది, అడ్డుపడకండి. సాయంత్రానికి వేరేవి వేయిస్తా."

"మధ్యాహ్నం మా అత్తగారు వస్తున్నారండీ!"

"కుర్చీ లేకపోతే త్వరగా వెళ్లిపోతారు. మీకే మంచిది."

గదిలో దుప్పటి ఒక్కటే మిగిలింది. దాన్ని నేలమీద పరిచాడు, బాగాలేదని తీసేశాడు. ఇక భార్య రాదని అతనికి నిజంగానే ఏడుపొచ్చింది. అంతలో అత్తగారు రానే వచ్చారు. వెనకాలే సూట్‌కేసుతో భార్య.

అత్తగారు నాలుగు గోడలూ తీరిగ్గా చూశారు. "అన్నీ ఉన్నాయన్నారు?"

"పొద్దుటిదాకా ఉన్నాయండి."

"నాకు తెలుసు. అందుకే మా తమ్ముణ్ని ముందు పంపాను. పాపం, జ్వరమొచ్చి మీ పెళ్లికి కూడా రాలేకపోయాడు. కింద షాపులోనే అన్నీ కొని వ్యానెక్కించి నా కోసం కాచుకుని ఉన్నాడు." ఆవిడ కిటికీలోంచి కేక వేశారు.

మంచం మళ్లీ మెట్లెక్కి తన పాత మూలకే చేరింది. దాని వెనకే గొడుగు పెద్దమనిషి వచ్చాడు. గుమాస్తాను చూసి నోరు తెరిచాడు. అక్క ముఖం చూసి మూసేశాడు.

భార్య నవ్వుకుంటూ సూట్‌కేసు బీరువా పక్కన పెట్టింది. అత్తగారు మంచానికి ఎడమవైపు కూర్చున్నారు. అది కిర్రుమంది.

"ఇది కొత్తదేనా, అల్లుడుగారూ?"

"మీ తమ్ముడుగారిని అడగండి" అని, ఉద్యోగంలో చేరాక మొదటిసారి, గుమాస్తా పక్క కౌంటర్ చూపించాడు.