మోరి గారి డబ్బా

ఆ ఆదివారం పొద్దున జాయిస్ పెట్టుకున్న పనులు రెండే: పక్కింటి మోరి గారి డబ్బా తిరిగి ఇచ్చెయ్యడం, బట్టలు ఉతుక్కోవడం. పెనుగంచిప్రోలు నుంచి ఏడాది చదువుకని జపాన్‌లోని ఆ చిన్న ఊరికి వచ్చిన పిల్ల ఒంటరిగా ఉంటోందని, పెద్దావిడ ముందురోజు నాలుగు నారింజలు పెట్టి ఇచ్చారు. జాయిస్ డబ్బా కడిగింది, తుడిచింది. అక్కడ చెయ్యి ఆగిపోయింది. ఖాళీ డబ్బా ఎలా ఇస్తుంది?

గదిలో ఇవ్వదగ్గది ఒక్కటే ఉంది, నాయనమ్మ పెట్టిన ఆవకాయ. నిరుడు వేసవిలో పెట్టింది. క్రిస్మస్‌కి నాయనమ్మ లేదు. ఆ సీసా ఇంటికి వెళ్ళేదాకా రావాలని జాయిస్ పూటకో ముక్క చొప్పున తింటోంది. అయినా రెండు ముక్కలు తీసి డబ్బాలో వేసి ఇచ్చింది.

సాయంత్రానికి డబ్బా తళతళలాడుతూ, నిండా ముల్లంగి కూరతో తిరిగొచ్చింది.

"నూనె మరక కూడా లేదమ్మా, నాకేసినట్టుంది," అంది ఫోన్లో తల్లి దేవమణితో.

"పాపం, ఎంత నచ్చిందో! ఈసారి నాలుగు ముక్కలెయ్యి. ఊట కూడా పొయ్యి."

"సీసా అయిపోద్దమ్మా."

"అయితే? ఖాళీ డబ్బా ఇస్తావా? పంతులమ్మ కూతురివి, నా పరువేం కావాలే?"

నాలుగు ముక్కలకి రెండు ముల్లంగి దుంపలొచ్చాయి. ఆరు ముక్కలకి గుమ్మడికాయ వచ్చింది, డబ్బాలో పట్టక సంచిలో. వారం తిరిగేసరికి ఫ్రిజ్ తలుపు పడలేదు. ముల్లంగులు బల్లెక్కాయి, జాయిస్ కింద కూర్చుని చదువుకుంది. మోరి గారు ఎదురుపడ్డప్పుడల్లా నడుం వంచి ఏదో చెప్పబోయి ఆగిపోతుంటే, ఇంకా కావాలని అడగలేకపోతున్నారనుకుంది.

మళ్ళీ ఆదివారానికి సీసాలో ఒక్క టెంక ముక్క మిగిలింది. దాన్ని డబ్బాలో పెట్టింది. ఖాళీ సీసాని ఒకసారి వాసన చూసి, వెళ్ళి పక్కింటి తలుపు కొట్టింది.

"ఇదే ఆఖరండి. మా నాయనమ్మ పెట్టింది. ఇంక పెట్టడానికి ఆమె లేదు."

మోరి గారి మొహం పాలిపోయింది. గబగబా లోపలికి వెళ్ళి ఓ గాజు సీసా తెచ్చారు. అందులో ఎర్రగా ఆవకాయ! మొదటి రెండు ముక్కల దగ్గర్నుంచి అన్నీ ఉన్నాయి.

"మన్నించండి జాయిస్ సాన్. మొదటిరోజు నాలిక్కి తగిలించుకుని అరగంట ఏడ్చా. పారెయ్యడానికి మనసొప్పలేదు. వద్దంటే మీరు బాధపడతారు. ఖాళీ డబ్బా ఇస్తే నా పరువేం కావాలి?"

"నేను ముల్లంగి తిననండి," అంది జాయిస్ మెల్లగా.

ఇద్దరూ గడప మీద కూలబడి కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వారు. ఇకమీదట ఎవరూ ఎవరికీ ఏమీ పెట్టకూడదని ఒప్పందం చేసుకున్నారు.

గదికొచ్చి, వేడన్నంలో నాయనమ్మ ఆవకాయ కలుపుకుని కడుపునిండా తింది జాయిస్. మిగతాది జాగ్రత్తగా తన సీసాలోకి మార్చుకుంది. అప్పుడు గుర్తొచ్చింది, ఖాళీ అయిన ఆ గాజు సీసా మోరి గారిదని.