గేటు తెరవడానికి కారణం జ్వరం

సోమవారం ఉదయం ఇడ్లీ తింటూ రామ్మోహనరావు ఆ రోజు పనులు భార్యకు చెప్పాడు. పుణె కుక్కర్ల కంపెనీ నుంచి కొనుగోలు అధికారి సుధీంద్ర వస్తున్నాడు. డ్రైవర్ బిక్షపతి విమానాశ్రయానికి వెళ్లాడు. వచ్చినాయనకు ఫ్యాక్టరీ చూపించాలి, భోజనం పెట్టించాలి, ఏడాది ఆర్డరు మీద సంతకం తీసుకోవాలి.

"పెడతాడంటారా సంతకం?" అంది అన్నపూర్ణమ్మ.

"మన వాళ్ల ఇంగ్లిష్ చూశాక పెట్టక ఏం చేస్తాడు?" అన్నాడు ఆయన.

నాచారం పారిశ్రామికవాడలో ప్రెషర్ కుక్కర్లకు రబ్బరు గ్యాస్కెట్లు చేసే ఫ్యాక్టరీకి రామ్మోహనరావు ఆఫీసు మేనేజరు. తెనాలి నుంచి వచ్చి ఉప్పల్లో ఇల్లు కట్టుకున్నాడు. ఇన్నేళ్లలో ‘మీ కైండ్ నోటీస్‌కు’ తీసుకురాకుండా ఎవరికీ ఏదీ తెలియజేయలేదు. రేపు అర లీటరు చాలని పాలవాడికి చెప్పాల్సివచ్చినా, పైన ‘సబ్జెక్ట్’ అని రాసి రెండు చుక్కలు పెట్టేవాడు.

అలాంటి మనిషి కింద డిస్పాచ్ చూసే కుర్రాడు రంజిత్. పోయిన నెల లోడు బయల్దేరిందని రంజిత్ పుణెకు మెసేజ్ పెట్టాడు. మెటీరియల్ అనే మాటలో అచ్చులు తీసేసి నాలుగు హల్లులు పంపాడు. లోడింగ్‌కు మూడు దక్కాయి. సుధీంద్ర దగ్గర నుంచి జవాబుగా ఒక ప్రశ్నార్థకం వచ్చింది. ఆ వెంటనే యజమాని ఛాయాదేవికి ఫోన్ వచ్చింది.

"మీ ఫ్యాక్టరీలో ఎప్పుడు ఏం జరుగుతోందో మాకు తెలియదు మేడమ్. తెలిపితే అర్థం కాదు. ఘట్‌కేసర్‌లో ఇంకో యూనిట్ వాళ్లు అడుగుతున్నారు. సోమవారం వచ్చి చూసి తేల్చేస్తాను."

ఛాయాదేవి రామ్మోహనరావును పిలిచింది. "ఈ ఆర్డరు పోతే రెండో షిఫ్టు నడపలేనండీ. ఆ షిఫ్టులో చేరినవాళ్లను తెచ్చింది మీరు. మానేయమని చెప్పాల్సిందీ మీరే."

రెండో షిఫ్టులో ఉన్నవాళ్లు సగం మంది జనగామ, యాదగిరిగుట్ట వైపు నుంచి వచ్చి మల్లాపూర్‌లో గదులు తీసుకున్నవాళ్లు. వాళ్ల పిల్లల బడి చేరికకు సిఫారసు ఉత్తరాలు కూడా రామ్మోహనరావే రాశాడు. రేపు రావద్దని వాళ్లకు చెప్పే ఉత్తరం మాత్రం, ఎంత ఇంగ్లిష్ వచ్చినా, ఆయన చేత కాదు. అందుకని శనివారం క్యాంటీన్‌లో అందరినీ కూర్చోబెట్టాడు.

"రంజిత్, మెటీరియల్‌లో అచ్చులు ఏం చేశావు?"

"జాగ మస్తు తింటయి సార్."

"ఫోన్‌లో జాగా నారపల్లి ప్లాటు కాదు నాయనా, గజాల లెక్కన కొనడానికి."

నాణ్యత చూసే హిమజ లేచింది. ఆమె రెండో షిఫ్టుకు కూడా బాధ్యురాలు. "సార్, సగం అక్షరాలతోనే పనైతుంటే పూరా అక్షరాలెందుకు?"

"సగం గ్యాస్కెట్ పెడితే కుక్కర్ కూత వేస్తుందామ్మా?"

హిమజ కూర్చుంది. రామ్మోహనరావు బోర్డు మీద రాశాడు. సోమవారం నుంచి ఫ్యాక్టరీ గ్రూపులో పెట్టే ప్రతి మెసేజ్ ఇంగ్లిష్‌లోనే ఉండాలి, దానికి ఐదు భాగాలు ఉండాలి. సంబోధన, కారణం, విషయం, విన్నపం, వందనం. పొట్టి మాటలు నిషేధం. వరుస మార్చరాదు. ఏ పని జరిగినా జరిగిన వెంటనే తెలపాలి.

"కారణం ఎందుకు సార్?" అన్నాడు ప్రెస్సు మీద పనిచేసే పోశయ్య.

"కారణం చెప్పకుండా విషయం చెప్పడం మర్యాద కాదు పోశయ్యా."

ఆదివారం ఆయన సుధీంద్రను కూడా గ్రూపులో చేర్చాడు. ఇంటికి వచ్చే పెళ్లివారికి ముందుగా అమ్మాయి ఫోటో పంపినట్లు అనుకున్నాడు.

సోమవారం ఉదయం గేటు తీసింది వాచ్‌మన్ రాజయ్య. తీసి, స్టూలు మీద కూర్చుని, ఫోన్ పట్టుకున్నాడు. సంబోధన వచ్చు. వందనం వచ్చు. నడుమ కారణం దగ్గర ఆగిపోయాడు. పదో తరగతి దాకా చదివిన రాజయ్యకు పూర్తి అక్షరాలతో వచ్చిన ఇంగ్లిష్ ఉత్తరం జీవితం మొత్తంలో ఒకటే. ఆ ఒక్క ఉత్తరం మన బడుల్లో చదివిన అందరికీ వచ్చు. అది సెలవు చీటీ. అందులో కారణం కూడా ఒకటే.

కాసేపటికి గ్రూపులో ఇలా వచ్చింది. "రెస్పెక్టెడ్ సర్, యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్, గేట్ ఈజ్ ఓపెన్. కైండ్లీ గ్రాంట్ మీ. థ్యాంకింగ్ యూ సర్. యువర్స్ ఒబీడియెంట్లీ, రాజయ్య."

అప్పటికి రామ్మోహనరావు స్కూటరు మీద ఉప్పల్ సిగ్నల్ దగ్గర ఉన్నాడు. ఫోన్ మోగితే చూశాడు. తెర మీద ‘రెస్పెక్టెడ్ సర్’ వరకు కనిపించింది. అంత వరకు చదివేసరికే ఆయన కడుపు నిండిపోయింది. బొటనవేలు గుర్తు పెట్టాడు. పచ్చ లైటు పడింది.

ఆ గుర్తును ఫ్యాక్టరీలో అందరూ చూశారు. సార్ ఒప్పుకున్న నమూనా దొరికిందని ఊపిరి పీల్చుకున్నారు. తనకు జ్వరం కాబట్టి ప్రెస్సు వేడెక్కిందని పోశయ్య రాశాడు. తనకూ జ్వరమే కాబట్టి మొదటి గ్యాస్కెట్లు పరీక్షలో పాసయ్యాయని హిమజ రాసింది. జ్వరంతోనే రంజిత్ వ్యానుకు లోడు ఎత్తించాడు. క్యాంటీన్ నుంచి, స్టోర్స్ నుంచి, కరెంటు పని చూసేవాడి నుంచి మెసేజ్‌లు వచ్చాయి. ఏ ఒక్కదానిలోనూ అచ్చు లోపించలేదు. ఏ ఒక్కరికీ ఒళ్లు బాగాలేదు.

ట్రాఫిక్‌లో గంటసేపు ఇరుక్కుని రామ్మోహనరావు నాచారం చేరేసరికి ఫ్యాక్టరీ ముందు రోజూ ఉండే ఇడ్లీ బండి వీధి చివరికి జరిగిపోయింది. పక్క ఫ్యాక్టరీ వాళ్లు తమ గేటుకు గొలుసు వేస్తున్నారు. లోపల తెల్ల కోటు వేసుకున్న ఇద్దరు నర్సులు పోశయ్య నోరు తెరిపించి చూస్తున్నారు.

"ఏమైంది రాజయ్యా?"

"మేడమ్ ఫోన్ జేసి దవాఖానోళ్లను పిలిపిచ్చింది సార్. ఫ్యాక్టరీల అందరికి జరమొచ్చిందట."

"ఎవరు చెప్పారు ఆవిడకు?"

"మేమే సార్, గ్రూపుల మేడమ్ గూడ ఉంది గద. మీరు ఎప్పటికప్పుడు చెప్పుమన్నరు గద."

రామ్మోహనరావు ఫోన్ తెరిచి మెసేజ్‌లన్నీ మొదటి నుంచి చదివాడు. చదివి గోడకు ఆనుకున్నాడు. ఈలోగా హిమజ వచ్చింది.

"నువ్వు డిగ్రీ చదివావు కదమ్మా. నీకెందుకొచ్చింది జ్వరం?"

"మీరు రాజయ్యకు బొటనేలు పెట్టిన్రు. వరుస మార్వొద్దన్నరు. నేను మారిస్తే మల్ల నన్నే అంటరు."

అంతలో బిక్షపతి ఫోన్ చేశాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు.

"సార్, ఉప్పల్ కాడికొచ్చినం. గీ సారు బండి పక్కకు ఆపుమన్నడు. కిటికీలన్ని దించిండు. ముక్కుకు దస్తీ కట్టుకున్నడు. ఎన్క సీట్లకెల్లి అద్దంల నా నొసలు దిక్కే సూస్తుండు."

"నువ్వేం రాశావయ్యా గ్రూపులో?"

"మీరు చెప్పినట్లే సార్. కారణం ముందుగాల, ఇషయం ఎన్క. జరమొచ్చింది గన్క గెస్టును తీస్కొస్తున్న అని."

రామ్మోహనరావు గేటు బయటికి వచ్చి ఉప్పల్ వైపు చూశాడు.

"ఫోన్ల పుణెతోని మాట్లాడుతుండు సార్. నాచారం బోవద్దన్నరట. ఎడమకు గాదు, కుడికి తిప్పు, ఘట్‌కేసర్ బోదామంటుండు. ఏం జెయ్యమంటరు?"

"టైరులో గాలి చూస్తున్నానని చెప్పు. కదలొద్దు."

రామ్మోహనరావు సుధీంద్రకు ఫోన్ కలిపాడు. లైను ఖాళీ లేదు. మళ్లీ కలిపాడు. లేదు. ఇక మెసేజే దారి. గేటు పక్కన నిలబడి రాయడం మొదలుపెట్టాడు. ఈ ఉదయం వెలువడిన సమాచార పరంపరను పురస్కరించుకొని, మీ కైండ్ నోటీస్‌కు తీసుకురాదలచినదేమనగా. అక్కడి వరకు వచ్చి, పురస్కరించుకొని అన్నదానికి ఇంకా మంచి ఇంగ్లిష్ మాట ఉందేమోనని వెనక్కి వెళ్లాడు.

"సార్, జల్ది" అంది హిమజ.

"వస్తోందమ్మా. అసౌకర్యానికి చింతిస్తున్నామని ముందు రాయాలా, చివర రాయాలా అని చూస్తున్నాను."

ఇంతలో వీధి మలుపులో దోమల పొగ బండి తిరిగింది. జ్వరాలని ఎవరో దానికి కూడా కబురు పెట్టారు. పొగ గేటు దాటి, ఆవరణ దాటి, క్యాంటీన్‌లోకి వెళ్లింది. ఆ పొగలో ఉండగానే ఉప్పల్ నుంచి బిక్షపతి మళ్లీ ఫోన్ చేశాడు.

"నాలుగు టైర్లు సూసిన సార్. స్టెప్నీ గూడ సూసిన. ఇగ బండికి ఇంకో టైర్ లేదు."

హిమజ దగ్గుతూ ఆయన ముందు నిలబడింది. "సార్, ఆయన కుడికి మలిగితే మా షిఫ్టు గూడ ఆయనతోనే పోతది. మీరు గింత పొడుగు రాస్తే చదివేవరకు ఘట్‌కేసర్‌ల చాయ్ తాగుతుంటడు. జ్వరం లేదని రెండు ముక్కలు రాయిండ్రి."

రామ్మోహనరావు తను రాసినదంతా ఒకసారి చూశాడు. మంచి ఇంగ్లిష్. ఒక్క తప్పు లేదు. మొత్తం చెరిపేశాడు.

తరువాత ఆయన బొటనవేళ్లు ఎలా కదిలాయో ఆయనకే తెలియదు. నో ఫీవర్. ఓన్లీ ఇంగ్లిష్. ప్లీజ్ కమ్. ఫీవర్‌లో రెండు అచ్చులూ రాలిపోయాయి. ప్లీజ్‌లో మూడక్షరాలు మిగిలాయి. సంబోధన లేదు, విన్నపం లేదు, వందనం లేదు. పంపేశాడు. పంపాక కళ్లు మూసుకున్నాడు.

ఫోన్ మోగింది. ఓ, కె. రెండే అక్షరాలు. నలభై ఏళ్లుగా ఇంగ్లిష్ చదువుతున్న రామ్మోహనరావుకు అంతకన్నా గొప్ప వాక్యం ఎప్పుడూ తగల్లేదు.

పొగ తగ్గుతుండగా కారు వచ్చింది. దిగిన సుధీంద్ర ముక్కుకు కట్టుకున్న రుమాలు విప్పి జేబులో పెట్టుకున్నాడు. నర్సులు అప్పుడే పని ముగించారు. జ్వరం ఎవరికీ లేదని ఛాయాదేవికి చెప్పారు. మేనేజరు గారికి మాత్రం బీపీ ఉందని, ఉప్పు తగ్గించుకోమని చెప్పి వెళ్లారు.

సుధీంద్ర ప్రెస్సు చూశాడు. హిమజ చేతి నుంచి గ్యాస్కెట్ తీసుకుని సాగదీసి చూశాడు. లోడు ఎక్కిన వ్యాను వెనక తలుపు తీయించి చూశాడు. ఛాయాదేవి గదిలోకి వచ్చి కూర్చుని ఫోన్ తీశాడు.

"కర్నూలులో నేనూ ఈ ఉత్తరం రాసే పాసయ్యాను మేడమ్. మీ వాచ్‌మన్‌ది చూసి నవ్వుకున్నాను. డ్రైవర్‌ది చూశాక మాత్రం నవ్వు రాలేదు."

"క్షమించండి" అన్నాడు రామ్మోహనరావు. క్షమాపణ మొదటిసారి తెలుగులో చెప్పాడు.

"ఉండండి. ఉప్పల్‌లో మీ డ్రైవర్ టైర్లు చూస్తున్నంతసేపూ నాకు పని లేదు. మీ మెసేజ్‌లు మళ్లీ చదివాను. గేటు తీశారు. ప్రెస్సు వేడెక్కింది. సరుకు పాసైంది. లోడు ఎక్కింది. ఒక్కొక్కటీ జరిగిన నిమిషానికి నాకు తెలిసింది. ఏడాదిగా నేను అడుగుతున్నది ఇదే."

ఛాయాదేవి ఆర్డరు కాగితాలు దగ్గరికి లాక్కుంది.

"ఘట్‌కేసర్ వాళ్లకు ఫోన్ చేశాను. గేటు ఇంకా తీయలేదన్నారు. అక్కడ ఎవరికీ జ్వరం కూడా లేదు." సుధీంద్ర పెన్ను తీశాడు. "జ్వరంతో ఇంత పని చేసేవాళ్లు ఆరోగ్యంగా ఉంటే ఎంత చేస్తారో చూద్దాం. కాగితాలు ఇవ్వండి."

సంతకం పెట్టాక ఆయన తలెత్తాడు. "ఈ ఐదు భాగాల పద్ధతి ఎవరిది?"

ఛాయాదేవి రామ్మోహనరావు వైపు చూసింది. రామ్మోహనరావు చొక్కా మీద పొగ వాసన దులుపుకున్నాడు. "నాదేనండి" అన్నాడు.

మధ్యాహ్నం రెండో షిఫ్టు వాళ్లు గేటు దగ్గరికి వచ్చేసరికి రాజయ్య స్టూలు మీద నిలబడి ఉన్నాడు. "మీ షిఫ్టు ఉంటదిరా, ఏడాది దాక ఫికర్ లేదు" అని కేక వేశాడు. రంజిత్ ఈల వేశాడు. ఎవరో వీధి చివర నుంచి ఇడ్లీ బండిని తోసుకొచ్చారు. జనగామ వాళ్లు రామ్మోహనరావును భుజాల మీదికి ఎత్తబోతే, బీపీ ఉందని హిమజ ఆపింది.

"సార్, మీరు రాసింది మస్తుండె" అంది ఆమె.

"దాన్ని రాయడం అనరమ్మా" అన్నాడు ఆయన. కానీ ఆ మెసేజ్‌ను చెరిపేయలేదు. సాయంత్రం ఇంట్లో అన్నపూర్ణమ్మకు చూపించాడు. ఆమె చదివి, పాలవాడికి కూడా ఇలాగే పెట్టమంది.

మంగళవారం ఉదయం ఆయన బోర్డు మీద నియమాలను సవరించాడు. విషయం ముందు, మర్యాద తీరికను బట్టి. అచ్చులు ఉంటే మంచిది, లేకుంటే అర్థం ఉండాలి. కారణాలు రాయడం మాత్రం పూర్తిగా నిషేధం.

గురువారం పోశయ్యకు నిజంగానే జ్వరం వచ్చింది. కారణం లేకుండా సెలవు ఎలా అడగాలో తెలియక డ్యూటీకి వచ్చేశాడు.