నిగనిగల రాళ్లకుంట

రాళ్లకుంటను రాష్ట్రంలోనే మొట్టమొదటి నిగనిగలాడే పట్టణంగా తీర్చిదిద్దబోతున్నట్టు నగర పంచాయతీ చైర్‌పర్సన్ వసుంధర గారి భర్త పుల్లారావు గారు ఒక సోమవారం ఉదయం ప్రకటించారు. చైర్‌పర్సన్ గారు కూడా అదే వేదిక మీద, రెండో వరసలో కూర్చుని ఉన్నారు.

ఆ ప్రకటన రాసినవాడు క్రాంతి కుమార్. ఎమ్మే తెలుగు చదివి, మార్కాపురంలో ఒక కాలేజీలో మూడేళ్లు పాఠాలు చెప్పాడు. కాలేజీ మూతపడ్డాక పుల్లారావు గారి దగ్గర ప్రెస్ నోట్లు రాసే పనిలో కుదిరాడు. పుల్లారావు గారు దగ్గితే 'గళమెత్తారు' అనీ, ఆవులిస్తే 'దీర్ఘాలోచనలో మునిగారు' అనీ రాయగలడు. గిద్దలూరు నుంచి కంభం దాకా అలాంటి చెయ్యి ఇంకొకటి లేదని పుల్లారావు గారే ఒకసారి అన్నారు.

పథకం పుట్టిన తీరు కూడా గొప్పదే. పుల్లారావు గారు హైదరాబాదులో ఒక మాల్‌కు వెళ్లి, లోపలికి పోకుండా కారు పార్కింగులోనే పది నిమిషాలు నిలబడిపోయారు. అక్కడ నేల నల్లగా మెరుస్తోంది.

"క్రాంతీ, నేల జూస్తే మొగం కనపడతాండాదబ్బా! మనూళ్లో ఏడ జూసినా దుమ్మే" అన్నారు ఫోన్లో. ఆ గొంతులో నిజంగానే బాధ ఉంది.

నెల తిరగకుండా లారీలో డ్రమ్ములు దిగాయి. సిమెంటు నేల మీద పూసే నల్లటి పూత అది. కంపెనీ మనిషి దాన్ని సీల్‌కోటు అన్నాడు. బస్టాండు, రైతుబజారు, బాలికల హైస్కూలు ఆవరణ, ఊరంతా తాగే మంచినీళ్ల చెరువు చుట్టూ నడకదారి, ఈ నాలుగు చోట్లా పూయాలి.

"గ్యారంటీ ఎన్నేండ్లు?" అని అడిగారు పుల్లారావు గారు.

"అయిదేళ్లు సార్. వాన పడనంత కాలం."

"మా పక్క అదేం పెద్ద షరతు గాదులే" అని ఆయన ఉదారంగా ఒప్పుకున్నారు.

ప్రారంభోత్సవం రైతుబజారులో జరిగింది. పుల్లారావు గారు తెల్లచొక్కా మీద మచ్చ పడకుండా పొడుగు కర్ర బ్రష్షుతో మూడు బారలు పూశారు. ఫొటోగ్రాఫరు కోసం మూడో బార మళ్లీ పూశారు. అంతలో ఘాటైన తారు వాసన లేచింది. కూరగాయలమ్మే నాగేంద్రమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏం వాసన నాయనా ఇది, తల తిరగతాంది."

"కొత్త వాసనమ్మా. కొత్త చీరకు మాత్రం వాసన రాదా?" అన్నారు పుల్లారావు గారు.

"చీర తల తిప్పదు గదయ్యా."

ఈ సంభాషణను క్రాంతి కుమార్ 'కొత్తదనానికి మహిళల హర్షం' అనే శీర్షిక కింద రాశాడు.

ఏప్రిల్ ఎండలు ముదిరాయి. నల్లటి నేల పెనంలా కాలి, మెత్తబడింది. బస్టాండులో ఒక్క మధ్యాహ్నమే ముప్పై జతల చెప్పులు అతుక్కుపోయాయి. బేస్తవారిపేట పోయే ఆడమనిషొకామె చెప్పుల్ని అక్కడే వదిలేసి బస్సెక్కింది. మర్నాడు పేపర్లో 'రాళ్లకుంటను విడిచి వెళ్లలేకపోతున్న ప్రయాణికులు' అని వార్త వచ్చింది. హైస్కూల్లో ఆవరణ మీద కాలు పెట్టలేక పిల్లల ప్రార్థనను వరండాలోకి మార్చారు. దాన్ని 'నీడపట్టున ప్రార్థన' అనే సంస్కరణగా పుల్లారావు గారే స్వయంగా ప్రకటించారు.

ఇన్ని విజయాల మధ్య క్రాంతి కుమార్‌కు ఇంట్లోనే చిన్న ఇబ్బంది వచ్చింది. అతని ఇల్లు బస్టాండుకు ఎదురుగా ఉంది. ఒక సాయంత్రం భార్య కృప ఇల్లు తుడిచిన బకెట్టు తెచ్చి అతని ముందు పెట్టింది. నీళ్లు కాటుకలా ఉన్నాయి.

"దినానికి మూడుసార్లు తుడుస్తాండా. అయినా ఇట్లనే వస్తాండాది. ఏందిది?"

"అభివృద్ధి పనుల దుమ్ము" అన్నాడు క్రాంతి కుమార్ అలవాటుగా.

"ఆ మాట పేపర్లో రాసుకో. నాకు జెప్పబాక. బిడ్డ చేతులు జూడు."

పదకొండు నెలల సుచరిత గచ్చు మీద పాక్కుంటూ వచ్చి తండ్రి కాళ్ల దగ్గర కూర్చుంది. రెండు అరచేతులూ నల్లగా ఉన్నాయి. ఒకదాన్ని సంతోషంగా నోట్లో పెట్టుకుంది. క్రాంతి కుమార్ గబుక్కున ఎత్తుకుపోయి సబ్బుతో చేతులు కడిగాడు. మూడుసార్లు కడిగినా గీతల్లో నలుపు పోలేదు. ఆ రాత్రి అతను రాయాల్సిన ప్రెస్ నోటు మొదటిసారి ఆలస్యమైంది.

జూలైలో వాన పడింది. ఎనిమిది నెలల తర్వాత పడిన వాన కాబట్టి ఊరంతా బయటికొచ్చి తడిసింది. నల్లమల వైపు నుంచి మబ్బు మీద మబ్బు వచ్చి గంటన్నర దంచింది. ఆ నీళ్లన్నీ నడకదారి మీదుగా, బజారు మీదుగా చెరువులోకి చేరాయి. తెల్లారేసరికి చెరువు మీద రంగురంగుల నూనె తెట్టు ఉంది. దాని కింద తెల్లగా పొట్టలు పైకి పెట్టుకుని చేపలు తేలుతున్నాయి.

"ఇంద్రధనుస్సు ఆకాశంలోనే ఉండాల్నా ఏంది? మన చెరువులోకి దించినాం. రాయి" అన్నారు పుల్లారావు గారు.

"మరి చేపల సంగతి అన్నా?" అన్నాడు క్రాంతి కుమార్.

"చేపల గురించి మనల్నెవరూ అడగలేదు గదా."

మధ్యాహ్నానికి అడిగేవాళ్లు వచ్చారు. జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే ప్రసన్నలక్ష్మి ఒక సీసా నిండా చెరువు నీళ్లూ, ఒక ఖాళీ డ్రమ్ము మూతా, తను రాసిన రిపోర్టూ పట్టుకుని ఆఫీసుకు వచ్చింది.

"ఇది బొగ్గు నుంచి తీసిన తారుతో చేసింది సార్. ఎండకు అరిగి పొడి అవుతది. ఆ పొడి కాళ్లకంటుకొని ఇండ్లల్లోకి పోతది, వానొస్తే చెరువులోకి పోతది. క్యాన్సర్ తెచ్చే రసాయనాలుంటాయి దీంట్లో. నేల మీద పాకే పిల్లలకు ఇంకా ప్రమాదం."

పుల్లారావు గారు గంభీరంగా విన్నారు. "ఆ జబ్బు ఎప్పటికొస్తది మేడం?"

"చెప్పలేం. పదేండ్లకు రావచ్చు, ఇరవై ఏండ్లకు రావచ్చు."

"అంటే ఈ టర్ములో గాదు" అని ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. ముఖంలో ఎంతో నిశ్చింత కనిపించింది.

"డ్రమ్ము మీదే రాసుంది సార్. నీటి వనరుల దగ్గర వాడరాదని."

"ఎక్కడుంది?"

ఆమె మూత తిప్పి చూపించింది. ఆవగింజంత అక్షరాల్లో ఉంది. పుల్లారావు గారు కళ్లద్దాలు సర్దుకుని చదివి, "చెరువు దగ్గర వద్దన్నారే గానీ, చెరువు చుట్టూ వద్దని లేదు గదా" అన్నారు. ఆ సూక్ష్మబుద్ధికి గదిలో ఉన్న నలుగురు కౌన్సిలర్లు తలలూపారు. క్రాంతి కుమార్ మాత్రం మూత వంకే చూస్తూ ఉండిపోయాడు. ఈ పూత గురించి అతను పద్నాలుగు ప్రెస్ నోట్లు రాశాడు గానీ, దాని మీద ఏం రాసి ఉందో ఒక్కసారీ చదవలేదు.

అదే వారంలో పుల్లారావు గారు ఒక సాహసోపేతమైన నిర్ణయం తీసుకున్నారు. శుక్రవారం పది గంటలకు చెరువు గట్టు మీద, విలేకరుల ముందు, గ్లాసెడు చెరువు నీళ్లు తాగి చూపిస్తారు. గ్లాసులో మినరల్ వాటర్ ముందే పోసి ఉంచే బాధ్యత క్రాంతి కుమార్‌ది. 'నీరు సురక్షితం' అనే ప్రకటన మీద చైర్‌పర్సన్ సంతకం తెచ్చే బాధ్యత కూడా అతనిదే.

గురువారం పొద్దున సంతకానికి ఇంటికి వెళ్తే వసుంధర గారు వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చారు. మామూలుగా పెన్ను అందుకుని చుక్క పెట్టిన చోట సంతకం చేసి, కాఫీ తాగి పొమ్మనేవారు. ఆ రోజు కాగితం చదివారు.

"నీళ్లు మంచివని రాసినావు. నీ బిడ్డకు ఇవే తాపుతాండావా?"

క్రాంతి కుమార్‌కు మంచి మంచి మాటలు చాలా వచ్చు. ఈసారి ఒక్కటీ వాడలేదు.

"లేదొదినా. క్యాను నీళ్లు తెస్తాండా."

"మీ అన్న కూడా మాకు అవే తెస్తాండాడు. రెండేండ్లుగా చదవకుండానే పెట్టినా సంతకాలన్నీ" అని ఆమె కాగితం పక్కన పెట్టారు. "ఆ కెమిస్ట్రీ మేడం ఏమో రాసిచ్చిందంట గదా. అదేది?"

ఆ రిపోర్టు పుల్లారావు గారు చించమని ఇచ్చింది. క్రాంతి కుమార్ సంచిలో మడతపెట్టి ఉంది. ఉద్యోగం ఇవాళ్టితో సరి అనుకుంటూనే తీసి ఇచ్చి, రేపటి గ్లాసు సంగతి కూడా చెప్పేశాడు. లోపల ఎందుకో చాలా రోజుల తర్వాత తేలిగ్గా అనిపించింది.

శుక్రవారం గట్టు మీద షామియానా వేశారు. పుల్లారావు గారు మచ్చలేని తెల్లచొక్కాలో వచ్చి, నీళ్ల గొప్పతనం మీద ఇరవై నిమిషాలు మాట్లాడి, గ్లాసు కోసం చెయ్యి చాపారు. కెమెరాలు లేచాయి. అప్పుడు రెండో వరసలోంచి వసుంధర గారు లేచి, మెట్లు దిగి చెరువులో స్టీలు చెంబు ముంచి, నీళ్లు తొణకకుండా తెచ్చి ఆయన ముందు పెట్టారు.

"ఆ గ్లాసులోవి సీసా నీళ్లు. ఇవి చెరువువి. ఇప్పుడే ముంచినా. తాగండి."

పుల్లారావు గారు చెంబులోకి చూశారు. పైన నూనె వలయం తిరుగుతోంది. దాని మధ్యలో ఆయన మొగం కనిపిస్తోంది. విలేకరులను చూశారు. భార్యను చూశారు. మహానాయకులకు మాత్రమే సాధ్యమయ్యే వేగంతో చెంబును రెండు చేతులా పైకెత్తారు.

"ఈ చెంబు సాక్షిగా జెప్తాండా! మన బిడ్డలు తాగే నీళ్లల్లో విషం కలిపే ఈ నల్లపూత మీద ఈ క్షణం నుంచే యుద్ధం! నేను మొదట్నుంచీ అనుమానిస్తానే ఉండా!"

చప్పట్లు మోగాయి. వసుంధర గారు కాగితం ముందుకు జరిపారు.

"ఆర్డరు రాసే ఉంది. సంతకం నేను పెట్టేసినా."

యుద్ధం అయిదు నెలలు నడిచింది. కంపెనీ మనిషి వచ్చి నీళ్ల పైపులతో కొట్టి కడిగేస్తే ఒక్క రోజులో పోతుందన్నాడు. "కడిగితే మళ్లీ చెరువులోకే గదా పోయేది" అని ప్రసన్నలక్ష్మి అతన్ని పంపించేసింది. పనివాళ్లు మాస్కులూ గ్లవ్సులూ వేసుకుని పూతను పొడిగానే గీకి, సంచులకెత్తి మూతులు కట్టారు. విషపు చెత్తను పూడ్చే చోటికి ఆ సంచులు లారీల్లో పోయాయి. చెరువు తోడి బురద తీశారు. కొత్త నీళ్లు పరీక్షలో నెగ్గేదాకా వసుంధర గారు ట్యాంకర్ల వెంట తానే వీధి వీధీ తిరిగారు. నడకదారి మీద మార్కాపురం పలకరాళ్లు పరిచి, వాన ఇంకడానికి మధ్యలో సందులు వదిలారు. కృప తుడిచిన నీళ్లు తెచ్చి క్రాంతి కుమార్‌కు చూపించడం మానేసింది. ఆమె అంతకుమించి మెచ్చుకోలు ఎన్నడూ ఇచ్చిన మనిషి కాదు.

ప్రెస్ నోట్లు క్రాంతి కుమారే రాశాడు. ఈసారి అందులోని విషయాలు నిజం కావడంతో మొదట్లో చెయ్యి తిరగడం కష్టమైంది.

ఆ మరుసటి సంవత్సరం నీటి కాలుష్య నివారణలో రాళ్లకుంటకు రాష్ట్ర పురస్కారం వచ్చింది. సభలో వసుంధర గారు మొదటి వరసలో కూర్చున్నారు. పుల్లారావు గారు శాలువా మోస్తూ పక్కన కూర్చున్నారు. టీ విరామంలో గొల్లవాగు చైర్మన్ ఉదయ్ కిరణ్ వచ్చి, పుల్లారావు గారిని ఒక స్తంభం చాటుకు తీసుకుపోయాడు. టీ కప్పులు పట్టుకుని క్రాంతి కుమార్ అక్కడే ఉన్నాడు.

"అన్నా, మేమూ అప్లై చేస్తాండాం. ఫారంలో 'తొలగించిన విషపూత, చదరపు అడుగుల్లో' అని ఒక గడి ఉండాది. మా ఊర్లో అట్లాంటిది ఎప్పుడూ పూయలేదు. ఎంత లెక్కేసినా సున్నా వస్తాంది."

పుల్లారావు గారు చుట్టూ చూసి, ఫోను తీసి కంపెనీ నంబరు వెతుకుతూ, ఎంతో ఆప్యాయంగా అతని భుజమ్మీద చెయ్యేశారు.

"దిగులుపడబాక తమ్ముడూ. రెండేండ్ల కింద మాదీ సున్నానే."